సమస్యాపూరణం: పుట్టకే తలఁచెను తన పుట్టినిల్లు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి పద్యానికి నాలుగో పాదం, మొదటి మూడూ మీరు పూరించాలి.

*పుట్టకే తలఁచెను తన పుట్టినిల్లు*

విషయం బ్లేడ్ రన్నర్ 2049. పోయినవారం దీని మీద వాదన కొట్లాట దాకా పోయింది కాబట్టి ఇక పద్యాల్లోనే తేల్చుకోండి. 1982లో రిడ్లీ స్కాట్ తీసిన మొదటి సినిమా, 2017లో డెనీ విల్నెవ్ తీసిన ఈ రెండోది, రెండూ చూసినవాళ్ళే దిగండి. ముగింపు దాకా కథంతా బయటపడుతుంది. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కలవాల్సిన అక్షరం) తప్పితే మొహమాటపడను.

కొయ్యగుర్రం:

కొయ్యగుఱ్ఱము చేఁబట్టి గుండె కదిమి,
కర్మశాలలో మలచిన కాయ మయ్యు,
ఎవరి జ్ఞాపకమో తన యెదను మోసి
పుట్టకే తలఁచెను తన పుట్టినిల్లు.

కే అనే రెప్లికెంట్ (మనిషిలాగే తయారుచేసిన కృత్రిమ మనిషి) కథే ఇది. తయారైనవాడికి బాల్యం ఎక్కడిది?

నిర్వాహకుడు: శుభారంభం. మూడో పాదంలో ఒక 'తన', నాలుగులో మరో 'తన'. 'ఎవరి జ్ఞాపకమో మది నెదుగుచుండ' అంటే ఆ ఇబ్బంది పోతుంది, భావమూ పెరుగుతుంది.

రాత్రిపాళీ: నా పూరణ కే మీద కాదండీ, మన మీద.

నియను దీపాల వానలో నిలిచి కరఁగి,
పాత బాణీకిఁ గన్నీరు పాఱ, నేఁడు
ఆ దినమ్ముల లేనట్టి యతఁడు కూడ
పుట్టకే తలఁచెను తన పుట్టినిల్లు.

1982లో థియేటర్లలో ఆ సినిమా సరిగా ఆడనే లేదు. అప్పటికి పుట్టనివాళ్ళు కూడా ఇప్పుడు 'ఆ రోజులే వేరు' అంటారు. రెండో సినిమా చివర్లో మొదటిదానికి సంగీతమిచ్చిన వాంజెలిస్ పాత బాణీ మళ్ళీ వినిపించగానే ఏడ్చేస్తారు. సీక్వెల్ ఆ బలహీనత మీదే బతికిందని నా ఆరోపణ.

కొయ్యగుర్రం: పద్యం బాగుంది, ఆరోపణ నిలవదు. నాస్టాల్జియా మీదే బతకాలనుకుంటే మళ్ళీ రాత్రి, వాన, నియాన్ మాత్రమే చూపించేవాళ్ళు. ఇక్కడ మొదటి దృశ్యమే పట్టపగలు, బూడిదరంగు ఆకాశం కింద పురుగులు పెంచే ఫారం. సముద్రాన్ని ఆపడానికి గోడ కట్టుకున్న లాస్ ఏంజిలిస్. నారింజరంగు ధూళిలో మునిగిన లాస్ వేగస్. ఈ సినిమాకు ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్‌కు ఆస్కార్ వచ్చింది పాత ఫ్రేములు కాపీ కొట్టినందుకు కాదు.

రాత్రిపాళీ: మరి పాత సినిమా నాయిక రేచల్‌ని కంప్యూటర్లో మళ్ళీ ఎందుకు పుట్టించారు?

కొయ్యగుర్రం: పుట్టించింది విలన్ వాలెస్. ఆమెను ప్రేమించిన పాత నాయకుడు డెకార్డ్‌కి ఎరగా. అతను తీసుకోలేదు కదా!

అద్దాలమేడ: మీరిద్దరూ ఆగండి, ఆ దృశ్యం మీదే నాది.

అదియె కురులును నడకయు, నదియె మోవి;
కనుల రంగొక్కటియె కాదు, కాంతుఁ జేరి
నన్ను మఱచితొ ప్రియ యని, నకలుబొమ్మ
పుట్టకే తలఁచెను తన పుట్టినిల్లు.

నిర్వాహకుడు: మూడు పాదాలూ హాయిగా నడిచాయి, నాలుగోది మాత్రం అతకలేదు. ఆ బొమ్మ తలచింది ప్రియుణ్ణి, పుట్టినింటిని కాదు. దృశ్యం విషయంలో మాత్రం నేను కొయ్యగుర్రం గారి వైపే. 'ఆమె కళ్ళు ఆకుపచ్చవి' అని డెకార్డ్ తిరస్కరిస్తాడు. పాత సినిమాలో రేచల్ కళ్ళు గోధుమరంగే. అంటే నకలు ఎంత అచ్చుగుద్దినా అతనికి అక్కర్లేదు, ఏదో ఒక వంక పెట్టాడు. 'పాతదే మళ్ళీ ఇవ్వండి' అనే అభిమానికి ఇంతకంటే గట్టి జవాబు నేనే సీక్వెల్‌లోనూ చూడలేదు.

రాత్రిపాళీ: జవాబు చెప్పడానికైనా ఆ ముఖం చూపించారుగా! టికెట్లు దానికే తెగుతాయి.

కొత్తకలం: ముగింపు దృశ్యంలోని కే మీద నాది. మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి సార్.

మెట్ల మీఁదను వ్రాలి తా మింటిఁ జూచి,
వాన కురిసిన నగరాన మంచు కురియ,
తండ్రి యొకరికి దొరుకంగఁ దాను మురిసి
పుట్టకే తలఁచెను తన పుట్టినిల్లు.

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి పోయింది. 'వా'కి 'మం' చెల్లదు. 'వాన కురిసిన వీధులపైన హిమము' అనుకోండి, 'కురియ' పోయినా అర్థమవుతుంది. మూడో పాదం జోలికి పోకండి, అది ఇవాళ వచ్చినవాటిలో మంచి పాదం. వాన దగ్గర ముగిసిన పాత కథకు మంచుతో బదులివ్వడం చాలామంది గమనించరు.

పాతరీలు: ఆలస్యంగా వచ్చాను. నన్ను ఆకట్టుకున్నవి ప్రకటన బోర్డులు. పాన్ ఆమ్ విమానసంస్థ 1991లోనే మూతపడింది, సోవియట్ యూనియన్ కూడా ఆ ఏడే. 2049 నగరంలో ఆ రెండు పేర్లూ వెలుగుతూనే ఉంటాయి. పొరపాటు కాదు. 1982లో ఊహించిన 2019కి కొనసాగింపు ఇది, మనం గడిపిన 2019కి కాదు. పాత సినిమాకు భవిష్యత్తు గీసిన సిడ్ మీడ్‌నే లాస్ వేగస్ గీయమని పిలిచారు.

మూఁతబడ్డ విమానపు ముద్ర వెలుఁగ,
కూలిపోయిన దేశంబు కొలువు దీర,
జరుగనట్టి భవిష్యమే జాలి నొంది
పుట్టకే తలఁచెను తన పుట్టినిల్లు.

అద్దాలమేడ: అబ్బ! 'కొలువు దీర' దగ్గర లేచి నిలబడ్డాను.

రాత్రిపాళీ: ఇది ఒప్పుకుంటాను. నాస్టాల్జియానే ఇటుకలుగా పేర్చి లోకం కట్టారన్నమాట. కానీ రెండు గంటల నలభై నిమిషాలకు పైగా సాగదీయడం మాత్రం క్షమించను.

నిర్వాహకుడు: ఈ వారం మేటి పూరణ ఇదే. ఒక్క 'జాలి నొంది' మాత్రం గణం నింపడానికి వచ్చినట్టుంది. భవిష్యత్తు ఎవరి మీద జాలిపడుతుంది?

పాతరీలు: నిజమే మాస్టారూ. 'జరుగనట్టి భవిష్యమే జాడ వెదకి' అని మారుస్తున్నాను.