లాంగ్ రైఫిల్ నకలు: తయారైనది కొనాలా, కిట్ తెచ్చి కట్టుకోవాలా?

కొత్తచేయి:
అన్నలూ, ఉండేది పెన్సిల్వేనియాలో. లాంకాస్టర్ తుపాకీ పనివాడు జేకబ్ డికెర్ట్ చేసిన లాంగ్ రైఫిల్ (పాతకాలపు పొడుగు గొట్టం తుపాకీ) ఒకటి అద్దాల పెట్టెలో చూశాను, అప్పట్నుంచి అదే ధ్యాస. క్రిస్మస్ తర్వాత వచ్చే ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే తుపాకీ) వేట సీజన్‌కీ పనికొస్తుంది. ఫ్యాక్టరీ నకలు చేతిలోకి తీసుకుంటే ఇత్తడి ప్యాచ్‌బాక్స్ (చెక్కలో ఉండే చిన్న మూతపెట్టె) తళతళలాడుతోంది గానీ ఎందుకో దుడ్డుకర్రలా అనిపించింది. నా భ్రమేనా? చెక్కపని అంటారా, స్కూల్లో చేసిన స్టూలు వరకే.

మేపుల్‌పొట్టు:
భ్రమ కాదు తమ్ముడూ. ఇత్తడి వదిలెయ్, బ్యారెల్‌ని, అదే గొట్టాన్ని, పక్కనుంచి చూడు. పాతవాటికి వెనక లావు, మధ్యలో సన్నం, మూతి దగ్గర మళ్లీ కాస్త విచ్చుకుంటుంది. స్వాంప్డ్ అంటారు. ఫ్యాక్టరీ నకళ్లలో చాలావాటికి ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే మందం, అందుకే గురిపెట్టగానే మూతి కిందికి లాగుతుంది.

నేను కిబ్లర్ అనే కంపెనీ అమ్మే కలోనియల్ కిట్ కట్టాను. అచ్చం డికెర్ట్ కాదు, 1770ల నాటి పోలిక. స్టాక్‌ని (చెక్క భాగాన్ని) కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ మీద చెక్కి పంపుతారు, లాక్ (నిప్పురవ్వ పుట్టించే భాగం) దాని గాడిలో ఇట్టే కూర్చుంది. చెడగొట్టింది నేనే. లాక్ చుట్టూ ఉండే పదునైన అంచుల్ని గరుకు కాగితంతో ఉత్త వేళ్లతో రుద్దితే అరిగిన సబ్బుబిళ్లలా అయ్యాయి. కాగితం వెనక చెక్కముక్క పెట్టుకో.

డబ్బా రంగు మాత్రం పూయకు. ఫెర్రిక్ నైట్రేట్ నీళ్లలో కలిపి పూసి, ఆరాక హీట్‌గన్ చూపించు. పాలిపోయిన చెక్క కళ్లముందే ఎర్రగోధుమకి తిరిగి, మేపుల్ చారలు పులిచారల్లా లేస్తాయి. (గ్లవ్స్ వేసుకో, ఆరుబయట చెయ్. మా గ్యారేజీ నేల మీద ఆ మరక ఇంకా ఉంది.)

చెకుముకి:
ఏది కొన్నా ముందు లాక్ చూడు. ఖాళీ తుపాకీతో, చీకట్లో. నిప్పురవ్వలు గుత్తిగా మందు పోసే చిన్న పళ్లెంలోకే రాలాలి, అటూ ఇటూ చెదరకూడదు. 1968 గన్ కంట్రోల్ యాక్ట్ (ఫెడరల్ చట్టం) ఇలాంటి ఫ్లింట్‌లాక్ నకళ్లని మామూలు తుపాకీలా కాక యాంటిక్ కింద చూస్తుంది గానీ రాష్ట్రాల రూల్స్ వేరు. పక్క రాష్ట్రానికి పట్టుకెళ్లేముందు చూసుకో.

కొత్తచేయి:
సరే, కిట్టే. గొట్టం లోపలి వెడల్పు పాయింట్ 45 (అంగుళాల్లో) తీసుకోనా, 50 తీసుకోనా?

మేపుల్‌పొట్టు:
మన దగ్గర ఆ సీజన్లో జింకకి కనీసం పాయింట్ 44 ఉండాలి, కాబట్టి 45 చెల్లుతుంది. నేనైతే 50. గుండు పెద్దది, చలికి కొంకర్లుపోయిన వేళ్లకి కాస్త బాగా దొరుకుతుంది.