టర్బో లేని డీజిల్ ఇంజిన్‌కి టర్బో బిగిస్తే నిలుస్తుందా?

కొండదారి:
నా దగ్గర 2.5 లీటర్ల పాత డీజిల్ పికప్ ఉంది. ప్రీ-చాంబర్ ఇంజిన్ (డీజిల్ ముందు పక్కనున్న చిన్న గదిలో అంటుకునే రకం), రోటరీ డీజిల్ పంపు, కంప్రెషన్ రేషియో (గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న లెక్క) 21 పైనే, టర్బో (ఎగ్జాస్ట్ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) లేదు. ఖాళీ బండి బాగానే పోతుంది, లోడు వేసి ఎత్తు ఎక్కిస్తే మాత్రం సెకండ్ గేర్‌కి దిగాల్సిందే, పైగా వెనకాల నల్లపొగ. ఇదే బ్లాకు మీద కంపెనీ టర్బో మోడల్ కూడా చేసింది కాబట్టి ఆ మానిఫోల్డూ (సిలిండర్ల ఎగ్జాస్ట్‌ని ఒకచోట కలిపే గొట్టం) టర్బో పాత సామానులో దొరికాయి. అర బార్ బూస్ట్‌తో (టర్బో అదనంగా ఇచ్చే గాలి ప్రెషర్) సరిపెట్టుకుని, పంపులో డీజిల్ కొంచెం పెంచుదామని అనుకుంటున్నా. ఇంత కంప్రెషన్ ఉన్న ఇంజిన్‌కి టర్బో పెడితే పిస్టన్లు పగులుతాయని ఒకరంటారు, ఏమీ కాదని ఇంకొకరు. టెన్షన్‌గా ఉంది. చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

పంపుమేస్త్రి:
అర బార్ బూస్ట్‌కి పిస్టన్ పగలదు తమ్ముడూ. దానికి తోడుగా నువ్వు పోసే డీజిల్‌తోనే అసలు ప్రమాదం. పెట్రోల్ ఇంజిన్‌లో ఇంధనం తగ్గితే వేడెక్కుతుంది కదా, డీజిల్‌లో అది తిరగబడుతుంది, ఎంత పోస్తే అంత వేడి. పంపు ముట్టుకోకుండా గాలి ఒక్కటే పెంచావనుకో, పొగ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ చల్లబడుతుంది, లాగుడు కూడా కాస్త మెరుగవుతుంది. అక్కడితో ఆపితే ఇంజిన్‌కి వచ్చే నష్టం తక్కువే.

కంప్రెషన్ సంగతికొస్తే, మెర్సిడెస్ వాళ్ల 3 లీటర్ల ఓఎం617కి 1978లో టర్బో మోడల్ వచ్చినప్పుడు కూడా రేషియో 21 దగ్గరే ఉంచారు. మార్చింది వేరే సామాను. పిస్టన్ అడుగుకి ఆయిల్ చిమ్మే జెట్లు పెట్టారు, ఎగ్జాస్ట్ వాల్వుల్లో సోడియం నింపారు, క్రాంక్ గట్టిది వేశారు. అన్నీ వేడినీ బరువునీ తట్టుకోడానికే. నీ బ్లాకులో ఆ జెట్లు ఉన్నాయో లేదో సంప్ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పి చూడు. లేకపోతే పంపు జోలికి అసలు వెళ్లకు.

ఇంకొకటి, టర్బో కంటే ముందు ఎగ్జాస్ట్ టెంపరేచర్ మీటర్ కొను. దాని ప్రోబు మానిఫోల్డ్‌లో, టర్బోకి ముందే ఉండాలి. టర్బో దాటాక పెడితే లోడు మీద వంద డిగ్రీలకి పైనే తక్కువ చూపిస్తుంది, ఆ అంకె చూసి ధైర్యంగా తొక్కేస్తావు. ఎత్తు ఎక్కేటప్పుడు ముల్లు 700 దగ్గరే నిలబడితే కాలు తియ్యాలి. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. పిస్టన్ అంత వేడెక్కకుండా నిలుస్తోందంటే రింగులూ ఆయిలూ ఆ వేడిని లాగేస్తుండబట్టే.

స్పానర్13:
పైన మేస్త్రి గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను దెబ్బ తిన్నది మాత్రం వేడి దగ్గర కాదు, ఆయిల్ రిటర్న్ పైపు దగ్గర. బిగించిన రెండో రోజే సైలెన్సర్ నుంచి నీలంపొగ మొదలైంది, అంటే ఆయిల్ కాలుతోంది. సీలు పోయిందనుకుని టర్బో మార్చాను, మళ్లీ అదే పొగ. చివరికి రిటర్న్ పైపు ఊడదీసి, కింద డబ్బా పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి చూశాను. ఆయిల్ ధారగా రావట్లేదు, సబ్బు నురగలా మెల్లగా జారుతోంది. నిమిషానికి లక్షకి పైగా తిరిగే షాఫ్ట్ దాన్ని చిలికేస్తుంది కదా, ఆ నురగ తనంతట తానే కిందికి జారాలి, వెనక నుంచి తోసే ప్రెషర్ ఏమీ ఉండదు. నేను వేసింది వేలంత సన్నపైపు, పైగా మధ్యలో వంపు తిరిగి కాస్త పైకి లేచింది. లోపల ఉండేవి రబ్బరు సీళ్లు కావు, పిస్టన్ రింగులాంటి సన్నటి ఇనుప రింగులు, ఆయిల్ నిలిచిపోతే అవి ఆపలేవు. లావు పైపు వేసి, వాలుగా దించి, సంప్‌లో ఆయిల్ మట్టానికి పైన కలిపాక పొగ ఆగిపోయింది. మంచి టర్బోని అనవసరంగా మార్చానని ఇప్పటికీ బాధే.

బ్రీదర్ పైపు (క్రాంక్‌కేస్ లోపలి ఆవిర్లు బయటికి పోయే పైపు) కూడా చూసుకోండి. ఇప్పుడది ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకి గాలి వెళ్లే గొట్టం) ఉంటే టర్బోకి ముందు, ఫిల్టర్ వైపుకి మార్చాలి, లేదంటే బూస్ట్ అంతా క్రాంక్‌కేస్‌లోకి వెళ్లి గేజ్ కడ్డీ పక్కనుంచి ఆయిల్ తన్నేస్తుంది. లోడు లాగి వచ్చాక వెంటనే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి, లేకపోతే బేరింగులో ఆయిల్ మాడి గట్టిపడుతుంది.

కొండదారి:
చాలా థాంక్స్ అండి, రిటర్న్ పైపు గురించి అసలు ఆలోచించనేలేదు. నా పంపు మీద బూస్ట్ పైపు తగిలించే డయాఫ్రం డబ్బా (బూస్ట్ వచ్చిన మేరకే డీజిల్ పెంచేది) లేదు. అది లేకుండా పని నడుస్తుందా? ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) కూడా కావాలా?

గాలిలెక్క:
డయాఫ్రం లేకుండా ఫుల్ లోడ్ స్క్రూ (పంపు ఎక్కువలో ఎక్కువ ఎంత డీజిల్ పొయ్యాలో నిర్ణయించేది) తిప్పితే, బూస్ట్ ఇంకా రాని తక్కువ ఆర్‌పీఎంలో కూడా అదే డీజిల్ పోస్తుంది. అప్పుడు నల్లపొగా వేడీ అక్కడే పుడతాయి. డీజిల్ పెంచాలంటే టర్బో మోడల్ పంపే వెతుక్కోండి.

ఇంటర్‌కూలర్‌కి నేను వేసిన లెక్క ఇది. బయట గాలి 30 డిగ్రీలు, బూస్ట్ 0.5 బార్ అనుకుందాం. మామూలు కంప్రెసర్ దాటేసరికి గాలి 85 - 90 డిగ్రీలు అవుతుంది. ప్రెషర్ ఒకటిన్నర రెట్లయినా, వేడికి వ్యాకోచించడం వల్ల సిలిండర్‌లోకి పోయే గాలి బరువు పెరిగేది పాతిక శాతం చిల్లరే. అదే గాలిని 45కి దించితే 40 శాతం దాటుతుంది. మొదట్లో లేకపోయినా నడుస్తుంది కానీ చోటుంటే పెట్టండి, పిస్టన్ వేడి కూడా తగ్గుతుంది. వీటన్నిటికంటే ముందు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి, ఒక్కటి తగ్గినా టర్బో ఆలోచన వాయిదా వేయండి.

కొండదారి:
మూడు వారాల తర్వాత రాస్తున్నా. కంప్రెషన్ నాలుగింటిలోనూ సమానంగా ఉంది. టర్బో ఇంకా పెట్టలేదు, ముందు మీటర్ ఒక్కటే బిగించి లోడుతో అదే ఎత్తు ఎక్కించా. సగం దారిలోనే 720 చూపించింది, టర్బో లేకుండానే! పంపు చూపిస్తే ఫుల్ లోడ్ స్క్రూ మీద కంపెనీ సీలు లేదు, నాకంటే ముందు బండి వాడినవాళ్లెవరో తిప్పేశారు.

పంపుమేస్త్రి:
నీ నల్లపొగకి కారణం దొరికింది. పంపుని టెస్ట్ బెంచ్ మీద పెట్టించి డీజిల్ కంపెనీ లెక్కకి దింపించు, నాజిల్స్ కూడా చూపించు. మళ్లీ అదే లోడుతో అదే ఎత్తు ఎక్కించి ముల్లు ఎక్కడ ఆగిందో రాయి. టర్బో బిగించేది ఆ అంకె చూశాకే.