మా తాత డిశ్చార్జి బుక్కు గురించి తెలిసినవాళ్లు చెప్పండి (ఎంఈజీ, 1963–78)

బంగారుపాళెం మనవరాలు:

అందరికీ నమస్కారం. మా తాత పోయిన నెల చనిపోయాడు, 82 ఏళ్లు. మాది బంగారుపాళెం దగ్గర పల్లె. ఊరంతటికీ ఆయన మిలట్రీ తాత, కానీ ఇంట్లో మాకు తెలిసింది చెరుకు, చెనక్కాయ వేసి, నీళ్లు తగ్గినాక మామిడి పెట్టిన రైతు తాత. మిలట్రీ గురించి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. అడిగితే "చలి ఎక్కువ" అనేవాడు, అంతే, లేచి కయ్య వైపు వెళ్లిపోయేవాడు.

దినాలు అయినాక ట్రంకుపెట్టె తీశాం. అడుగున డిశ్చార్జి బుక్కు, గుడ్డలో చుట్టిన పతకాలు ఉన్నాయి. బుక్కులో 1963లో చేరినట్టు, 1978లో వచ్చేసినట్టు, యూనిట్ దగ్గర ఎంఈజీ అని ఉంది. రక్షా మెడల్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ అని చదవగలిగాను, ఇంకో రెండు పేర్ల దగ్గర ఇంకు చెరిగిపోయింది.

సంవత్సరీకానికి బెంగళూరు, చెన్నై నుంచి పిల్లలంతా వస్తారు. వాళ్లకి చదివి వినిపించడానికి తాత గురించి నాలుగు పేజీలు రాయాలని ఉంది. ఆ 15 ఏళ్లు ఏం చేశాడో తెలియకుండా రాస్తే సగం మనిషినే రాసినట్టవుతుందేమోనని బాధగా ఉంది. ఈ పతకాలు దేనికిస్తారు, ఆయన ఎక్కడ పనిచేశాడో తెలుసుకునే దారేమైనా ఉందా?

చిన్న విషయమే కానీ రాస్తున్నాను. వాన పడితే మిగతా రైతులు మట్టి పిడికిట్లో పట్టి పదును చూస్తారు కదా, తాత మాత్రం సన్నటి ఇనప చువ్వ పట్టుకుని, వంగి, ఏటవాలుగా గుచ్చి చూసేవాడు. ఎప్పుడూ నిలువుగా గుచ్చగా నేను చూడలేదు. ఆ చువ్వ ఇప్పటికీ గొడ్లపాకలో చూరులో ఉంది.

రిటైర్డ్ తంబి, చిత్తూరు:

అమ్మా, ముందుగా మీ తాతగారికి నా సెల్యూట్. ఎంఈజీ అంటే మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, మద్రాస్ సాపర్స్ అని కూడా అంటారు. 1780లో మొదలైన దళం, సెంటర్ బెంగళూరులో అల్సూరు చెరువు దగ్గర ఉంది. నేనూ అక్కడ ట్రైనింగ్ అయినవాణ్ణే, కాకపోతే మీ తాతగారి తర్వాత చాలా ఏళ్లకి. పట్టాళంలో మమ్మల్ని తంబీలు అనే పిలుస్తారు.

రక్షా మెడల్ 1965 యుద్ధకాలంలో సర్వీసులో ఉన్నవాళ్లకి ఇచ్చింది. సంగ్రామ్ మెడల్ 1971ది. పశ్చిమీ స్టార్ కూడా 1971దే, కానీ పడమటి సరిహద్దులో, అంటే పంజాబ్, జమ్మూ, రాజస్థాన్ వైపు ఉన్నవాళ్లకి. తూర్పున బంగ్లాదేశ్ వైపు ఉన్నవాళ్లకి పూర్వీ స్టార్ ఇచ్చారు. చెరిగిపోయిన రెండూ స్వాతంత్ర్య 25వ వార్షికోత్సవ పతకం, 9 ఏళ్ల సర్వీసు పతకం అయ్యుండొచ్చు, ఆ కాలంలో 15 ఏళ్లు చేసినవాళ్ల దగ్గర మామూలుగా ఇవి ఉంటాయి. పతకాలని చింతపండు పెట్టి తోమొద్దు. పలచటి గుడ్డతో తుడిచి అంచు మీద, వెనకవైపు చూడండి, ఆయన నంబరు, పేరు చెక్కి ఉంటాయి.

సాపర్ల పని వంతెనలు కట్టడం, దారి వేయడం, మైన్లు, అంటే నేలలో పాతిన మందుపాతరలు ఏరడం. 1971 డిసెంబరులో షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర పాకిస్తాన్ వాళ్లు చాలా దూరం దాకా మైన్లు పరిచి ఉంటే, మన టాంకులు దాటడానికి దారి చేసింది మద్రాస్ సాపర్లే. అరుణ్ ఖేతర్‌పాల్‌కి పరమవీర చక్ర వచ్చిన పోరాటం అక్కడిదే, డిసెంబరు 16. మీ తాతగారు అక్కడే ఉన్నారని నేను చెప్పకూడదు, పశ్చిమాన వేరే చోట్ల కూడా మన యూనిట్లు ఉన్నాయి. బుక్కులో రెజిమెంటు నంబరు ఏముందో చూసి, ఆయన ఆర్మీ నంబరుతో బెంగళూరు రికార్డ్ ఆఫీసుకి ఉత్తరం రాయండి.

ఇక ఆ చువ్వ సంగతి చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశానమ్మా. చేత్తో మైను వెతికేటప్పుడు బోర్లా పడుకుని నేలలోకి చువ్వ గుచ్చుతాం. నిలువుగా గుచ్చితే మైను నెత్తిన తగిలి పేలుతుంది, అందుకని ఏటవాలుగా, దాదాపు 30 డిగ్రీల్లో గుచ్చాలి, అప్పుడు మొన పక్కకి తగులుతుంది. నాలుగు వేళ్ల ఎడం కూడా వదలకుండా గుచ్చుకుంటూ ముందుకు పాకాలి. ఆ చేతివాటం ఒకసారి పట్టుబడితే ఇక పోదు. నాకూ పోలేదు.

ఇరాల రైతు:

చెల్లెమ్మా, పెద్దాయన చెప్పింది చదివాక నేను చెప్పేది చిన్నదే. రికార్డ్ ఆఫీసు నుంచి జవాబు వచ్చేలోపు మీ అవ్వ దగ్గర కూర్చో. మా నాయనా పట్టాళంలోనే ఉన్నాడు కాబట్టి చెప్తున్నా. ఏడాదికి రెండు నెలల సెలవు, కాట్పాడిలో దిగి, అప్పటి మీటర్ గేజ్ బండి పట్టుకుని చిత్తూరు చేరేవాడు, ఇంటికొచ్చేసరికి సెలవులో నాలుగైదు రోజులు రైలుకే పోయేవి. మరి మిగతా పది నెలలు చేను చేసిందెవరు? మా అమ్మ. కపిల తోలింది, చెనక్కాయ పీకింది, గానుగ రోజుల్లో రాత్రంతా పెనం దగ్గర కూర్చుని పాకం చూసింది. మనియార్డరు ఆలస్యమైతే విత్తనాలకి అప్పు తెచ్చింది కూడా ఆమే. మా నాయన పోయినప్పుడు పతకాల గురించి అందరూ మాట్లాడారు, ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. నేను కూడా అడగలేదు, తర్వాత రెండేళ్లకి ఆమే లేదు. ఫోనులో రికార్డు చెయ్యి, అవ్వ మాట అవ్వ మాటలాగే రాయి, దిద్దొద్దు.

పాకాల నుంచి:

మధ్యలో పని మాట చెప్తున్నందుకు ఏమనుకోవద్దు. అవ్వకి ఫ్యామిలీ పెన్షన్ పెట్టించారా? మరణ ధ్రువపత్రం, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), డిశ్చార్జి బుక్కు, ఆధార్ తీసుకుని చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. పాత రికార్డుల్లో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవక చాలామంది తిరుగుతుంటారు, ముందే చూసుకోండి. బుక్కు అసలుది ఎవరి చేతికీ ఇచ్చి రావొద్దు, జిరాక్సు ఇవ్వండి. మాజీ సైనికుల కోటాలో వచ్చిన డీకేటీ భూమి, అంటే సర్కారు పట్టా ఇచ్చిన భూమి ఉంటే ఆ పట్టా కూడా అవ్వ దగ్గర ఉందో లేదో చూడండి.

బంగారుపాళెం మనవరాలు:

అందరికీ చాలా థాంక్స్. సార్, పతకం వెనక నంబరు ఉంది, బుక్కులో నంబరూ అదే. రికార్డ్ ఆఫీసుకి ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అవ్వ పెన్షన్ కోసం సోమవారం చిత్తూరు వెళ్తున్నాం.

అన్నా, మీరు చెప్పినట్టే ఆదివారం అవ్వ దగ్గర కూర్చున్నాను. రెండు గంటలు మాట్లాడింది. తాత వచ్చేలోపు రెండు కరువులు ఎలా ఈదిందో, మొదటి కొడుకు పుట్టిన సంగతి ఆయనకి ఉత్తరం అందేసరికి బిడ్డ బోర్లా పడుతున్నాడని, అన్నీ చెప్పింది. డీకేటీ భూమి గురించి అడిగితే చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"పట్టా వచ్చినాక కొత్త చేన్లో మడక పెట్టాలంటే, ఎద్దుల్ని దించనీలా. మూడు దినాలు ఆయనొక్కడే ఈ గెనిమ నుంచి ఆ గెనిమ దాకా చువ్వతో గుచ్చతా తిరిగినాడు. రాళ్లుంటే మడక ఇరుగుతాదని చూస్తా ఉండాడనుకున్నా. బిడ్డని ఎత్తుకుని సద్ది తీసుకొని పోతే, గట్టు మీదే నిలబడు, లోపలికి రావద్దు అని అరిచినాడు. అంత గట్టిగా ఆ మనిషి నన్నెప్పుడూ అరవలా."

సార్ రాసింది అవ్వకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చూరులోంచి చువ్వ తీయించి, తన మంచం పక్కన గోడకి ఆనించమంది.