కొత్తగా పెడుతున్న క్యాథలిక్ క్లాసికల్ హైస్కూల్లో ఫౌండింగ్ టీచరుగా చేరొచ్చా?

కృష్ణాతీరం:
మేం డాలస్ దగ్గర ఉంటాం. మా ఆవిడ ఎమ్మెస్సీ మేథ్స్, బీఎడ్. ఇండియాలో చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పింది. ఇక్కడ హెచ్4 ఈఏడీ (నా వీసా మీద తనకొచ్చిన పని అనుమతి) మీద ట్యూషన్లు చెప్పుకుంటోంది. ఇప్పుడు మా ఏరియాలో కొందరు తల్లిదండ్రులు కలిసి క్యాథలిక్ క్లాసికల్ హైస్కూలు ఒకటి మొదలుపెడుతున్నారు. ఆగస్టులో తొమ్మిదో తరగతి ఒక్కటే ఉంటుంది, ఆ తర్వాత ఏటా ఒక్కో క్లాసు కలుపుతారు. చర్చి వెనక రెండు గదులు, హెడ్‌మాస్టరుతో కలిపి నలుగురు టీచర్లు. లాటిన్, ఫిలాసఫీ, బొమ్మలు గీయడం, పాడటం, అన్నీ ప్రతి పిల్లవాడూ చదవాల్సిందే, ఎలెక్టివ్స్ ఉండవు.

మేథ్స్‌కి మా ఆవిడను అడిగారు. జీతం పబ్లిక్ స్కూల్లో కొత్త టీచరుకు ఇచ్చేదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ. పెన్షన్ లేదు. తను చేరతానంటోంది, నాకు మనసొప్పట్లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. స్కూలు పేరు మాత్రం అడగొద్దు.

హ్యూస్టన్_రవ్వదోశ:
నలుగురు టీచర్లా? అది స్కూలు కాదన్నా, వాట్సాప్ గ్రూపు.

మిర్చియార్డ్:
వద్దు. కారణాలు చెప్తాను. టెక్సస్‌లో ప్రైవేటు స్కూలు టీచరుకు రాష్ట్ర సర్టిఫికెట్ అక్కర్లేదు. అంటే మిగతా ముగ్గురికీ అది ఉందో లేదో మీకు తెలియదు. కొత్త స్కూలు కాబట్టి అక్రెడిటేషన్ (గుర్తింపు) మొదటి రోజే రాదు. 2025లో టెక్సస్‌లో పాసైన ఈఎస్ఏ (ప్రైవేటు చదువుకు ప్రభుత్వం డబ్బిచ్చే) చట్టం కింద ప్రభుత్వం నుంచి ఫీజు డబ్బులు రావాలన్నా స్కూలు కనీసం రెండేళ్లు నడిచి ఉండాలి. కాబట్టి మొదటి రెండేళ్లూ ఫీజులు, విరాళాలే దిక్కు. అవి తగ్గితే ముందు కోసేది జీతాలనే.

అన్నిటికంటే ముందు, లాటిన్ ఏంటండీ? 2026లో లాటిన్ ఎవరు మాట్లాడతారు?

ఫిరంగిపురం_పిల్లోడు:
మిర్చియార్డ్ అన్నా, మాట్లాడటానికి కాదు. పిల్లలు ఒక వాక్యాన్ని విప్పి చూడటం నేర్చుకుంటారని. సరే, అది పక్కన పెడదాం.

కృష్ణాతీరం గారూ, నేను పుట్టు క్యాథలిక్‌ని, గుంటూరు మేత్రాసనం. ఇలాంటి స్కూళ్లను ఇక్కడ దగ్గర నుంచి చూస్తున్నాను. ఇవి మనూళ్లలో సిస్టర్లు నడిపిన కాన్వెంట్ల లాంటివి కావు. చాలావరకు పెట్టేది మామూలు గృహస్థులే. 2008లో మినియాపోలిస్ శివార్లలో చెస్టర్టన్ అకాడమీ మొదలుపెట్టిన డేల్ ఆల్‌క్విస్ట్, టామ్ బెంగ్‌సన్ ఇద్దరూ ఫాదర్లు కారు. గుప్పెడు మంది పిల్లలతో మొదలై, ఇవాళ అదే పద్ధతిలో అమెరికాలో, బయటా పదుల సంఖ్యలో స్కూళ్లు నడుస్తున్నాయి. మేరీలాండ్‌లోని హయట్స్‌విల్‌లో ఒక పాత పారిష్ స్కూలు మూతబడే దశలో 2010లో క్లాసికల్‌కి మారి నిలబడింది. కాబట్టి చిన్నగా మొదలైందని కొట్టిపారేయకండి.

ఒక్కటి మాత్రం చూడండి. శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టంలో 803వ సూత్రం ఉంది. బిషప్ అనుమతి లేకుండా ఏ స్కూలూ తనను 'క్యాథలిక్ స్కూలు' అని పిలుచుకోకూడదు. ఆ అనుమతి పత్రం వచ్చిందా అని బోర్డును అడగండి. తడబడితే ఆలోచించాల్సిందే.

మిర్చియార్డ్:
'వాక్యాన్ని విప్పి చూడటం'. మన దగ్గర ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్న లక్షల మందిలో ఎంతమంది వాక్యం విప్పారు? మార్కుల కోసం తీసుకున్నాం, పరీక్ష మర్నాడు మర్చిపోయాం. లాటిన్ కూడా అంతే.

ఫిరంగిపురం_పిల్లోడు:
మనకు చెప్పిన పద్ధతి అది. తప్పు సంస్కృతానిదా?

పాతటీచరు:
లాటిన్ గొడవ వదిలేయండి. ఆవిడ చెప్పబోయేది లెక్కలు.

నా సంగతి చెప్తాను. పెళ్లికి ముందు మా జిల్లాలో ఒక కొత్త ఇంగ్లీష్ మీడియం స్కూల్లో మొదటి ఏడాది టీచర్లలో నేనొకదాన్ని. పేరు అనవసరం. 'ఇది మన స్కూలు, మనమంతా ఒక కుటుంబం' అన్నారు. వేసవి సెలవుల్లో మండుటెండలో ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు తెచ్చాం, ఒక్కో టీచరుకు ఇన్ని అని టార్గెట్. తెలుగు నాది, సోషల్ నాది, యాన్యువల్ డేకి డాన్సులు నావి, ఆయమ్మ రాని రోజు చిన్నపిల్లల్ని చూసుకునేదీ నేనే. మే నెల జీతం సగమే. బిల్డింగు లేచాక, పిల్లలు వందల్లోకి వచ్చాక, సిటీ నుంచి 'ఎక్స్‌పీరియన్స్‌డ్ ఫ్యాకల్టీ'ని తెచ్చారు. మాకు జీతం పెంచమంటే 'ఇష్టం లేకపోతే మానేయండి' అన్నారు. పదో వార్షికోత్సవం పుస్తకంలో వ్యవస్థాపకుల ఫొటోలు వేశారు, అందరూ డబ్బు పెట్టినవాళ్లే. మా నలుగురిలో ఒక్కరి పేరు కూడా లేదు.

అందుకే అంటున్నాను, కుటుంబం అనే మాట వినిపిస్తే కాగితం మీద రాసిమ్మని అడగండి.

నిశ్శబ్దశ్రోత:
మేడం, మీరు చెప్పింది మా అక్క కథే.

ఫిరంగిపురం_పిల్లోడు:
పాతటీచరు గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ అది వ్యాపారం కోసం పెట్టిన స్కూలు. ఇక్కడ బోర్డులో ఉండేవాళ్లు తమ పిల్లల్నే అందులో చేర్పిస్తారు. లాభం ఎవరికీ పోదు.

పాతటీచరు:
లాభం ఎవరికీ పోకపోవచ్చు. నష్టం ఎవరిదో చెప్పండి. ఒక్క ప్రశ్న. అమెరికాలో క్యాథలిక్ స్కూళ్లు ఒకప్పుడు అంత చవగ్గా ఎలా నడిచాయి?

ఫిరంగిపురం_పిల్లోడు:
సిస్టర్ల వల్ల. 1960ల నడిమికి దేశమంతా కలిపి 50 లక్షలకు పైగా పిల్లలు చదివేవాళ్లు. పాఠం చెప్పేవాళ్లలో ఎక్కువ మంది కన్యస్త్రీలు, పేరుకే జీతం. ఆ తర్వాత సిస్టర్లు తగ్గిపోయారు, జీతమిచ్చి టీచర్లను పెట్టుకోవాల్సి వచ్చింది, ఫీజులు పెరిగాయి, వేల స్కూళ్లు మూతపడ్డాయి. ఇప్పుడు పిల్లలు 17 లక్షల దగ్గర ఉన్నారు, టీచర్లు దాదాపు అందరూ గృహస్థులే.

పాతటీచరు:
చూశారా, మీరే చెప్పారు. సిస్టరుకు ఇంటద్దె లేదు, పిల్లల ఫీజులు లేవు, ముసలితనంలో మఠం చూసుకుంటుంది. ఆ భద్రత ఏదీ ఇవ్వకుండా ఆ త్యాగం మాత్రం పెళ్లయిన టీచరును చేయమంటున్నారు. కొత్త స్కూలుకి అసలైన దాత ఎవరు? జీతంలో మూడో వంతు వదులుకుంటున్న ఆవిడే. డోనర్ల బోర్డు మీద ఆ డబ్బు ఎక్కడైనా రాస్తారా?

హ్యూస్టన్_రవ్వదోశ:
👏 మేడం

మిర్చియార్డ్:
జీతం ఒక్కటే కాదు, కోర్టు సంగతి కూడా వినండి. 2020లో సుప్రీంకోర్టు తీర్పు, అవర్ లేడీ ఆఫ్ గ్వాడలూపే స్కూలు కేసు, 7-2. కాలిఫోర్నియాలో రెండు క్యాథలిక్ స్కూళ్లు ఇద్దరు టీచర్లను తీసేశాయి. ఒకావిడ వయసు వల్ల తీసేశారని, ఇంకొకావిడ తనకు క్యాన్సర్ వచ్చిందని తీసేశారని కేసు వేశారు. ఆ కేసులు నడవవని కోర్టు తేల్చింది. మతపరమైన పని చేసే టీచరు విషయంలో వివక్ష చట్టాలు వర్తించవట. 2012లో హొసన్నా-టాబర్ కేసులో మొదలైన దారి ఇది. కృష్ణాతీరం, మీ ఆవిడకు రేపు ఏదైనా జరిగితే లాయరు కూడా చేతులెత్తేస్తాడు.

ఫిరంగిపురం_పిల్లోడు:
సగం చెప్పి భయపెట్టకండి. ఆ ఇద్దరూ చిన్న క్లాసుల టీచర్లు, మిగతా సబ్జెక్టులతో పాటు మతబోధన కూడా వాళ్లదే. లెక్కలు మాత్రమే చెప్పే టీచరుకు అది ఆటోమేటిగ్గా వర్తించదు.

మిర్చియార్డ్:
నలుగురున్న స్కూల్లో 'మాత్రమే' అనేది ఉండదు. పొద్దున ప్రార్థన చెప్పించేది, పిల్లలతో పూజకు వెళ్లేది, సాధువుల పండగలకు నాటకం వేయించేది ఎవరు? ఆ నలుగురే. కాంట్రాక్టులో 'టీచింగ్ మినిస్ట్రీ' (పాఠం చెప్పడమే మతసేవ) అనే మాట ఉందేమో చూడమనండి. ఉంటే నేను చెప్పిందే కరెక్టు.

పైగా ఇలాంటి స్కూళ్లలో కొన్నిచోట్ల క్యాథలిక్ టీచర్లు ఏడాది మొదట్లో బిషప్ ముందో ఫాదర్ ముందో విశ్వాస ప్రమాణం కూడా చేస్తారు. హిందూ అమ్మాయికి ఇదంతా ఎందుకు?

ఫిరంగిపురం_పిల్లోడు:
ఇంకో మాట. చెస్టర్టన్ అనే ఇంగ్లీష్ రచయిత పేరు మీద ఇన్ని స్కూళ్లున్నాయి కదా, ఆయనకే డిగ్రీ లేదు. సర్టిఫికెట్లు పట్టుకుని వేలాడేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

మిర్చియార్డ్:
డిగ్రీ లేనివాడి పేరు స్కూలుకి పెట్టుకుని డిగ్రీ లేని టీచర్లతో నడపడం. శభాష్.

ఫిరంగిపురం_పిల్లోడు:
డిగ్రీ లేని టీచర్లని నేనెక్కడన్నాను? సర్టిఫికెట్ వేరు, డిగ్రీ వేరు. మీరు చదవకుండానే సమాధానం రాస్తున్నారు.

మిర్చియార్డ్:
చదివే రాస్తున్నాను. మీకు మీ మతం స్కూలు కాబట్టి ముద్దొస్తోంది, అంతే. కృష్ణాతీరం, నా సలహా ఇది. మీకు ఐటీ జీతం ఉంది, ఇన్సూరెన్స్ మీ కంపెనీది. ఆవిడ సరదాగా ఒక ఏడాది చేసుకుంటానంటే చేసుకోనివ్వండి, టైంపాస్ అవుతుంది. కెరీర్ అని మాత్రం అనుకోవద్దు.

పాతటీచరు:
టైంపాసా! ఎమ్మెస్సీ చదివి, ఏళ్ల తరబడి నల్లబల్ల ముందు నిలబడ్డ మనిషి పని మీకు టైంపాస్‌లా కనిపిస్తోందా? మొగుడి జీతం ఉంటే ఆడవాళ్ల జీతం లెక్కలోకి రాదా? మా కరస్పాండెంటు కూడా సరిగ్గా ఇదే అన్నాడు. 'మీ ఇంట్లో గడుస్తుంది కదమ్మా' అని. మీరూ ఆ స్కూలు బోర్డూ ఒకటే, ఆవిడ పని ఊరికే వస్తుందని ఇద్దరూ అనుకుంటున్నారు.

నిశ్శబ్దశ్రోత:
మిర్చియార్డ్ గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటే బాగుంటుంది.

కృష్ణాతీరం:
ఒక్క నిమిషం. అందరూ తలో వైపు వెళ్లిపోతున్నారు. మొదట్లోనే చెప్పాల్సిన విషయం ఒకటుంది. మా ఆవిడ హిందువు కాదు. క్యాథలిక్కే. నేను కాదు. మాది ప్రేమ పెళ్లి. ఇన్నాళ్లూ ఇంట్లో సంక్రాంతి చేసుకున్నాం, క్రిస్మస్ చేసుకున్నాం, మా అమ్మానాన్నల ముందు తను ఎప్పుడూ ఈ విషయం ఎత్తలేదు. ఆదివారం పూజకు కూడా కూరగాయలకు వెళ్లినట్టు వెళ్లొచ్చేది.

ఇంటర్వ్యూలో తనని యూక్లిడ్ మొదటి పుస్తకంలోని మొదటి ప్రతిపాదన బోర్డు మీద నిరూపించమన్నారట. గీత మీద సమబాహు త్రిభుజం గీయడం. ఫార్ములా లేదు, షార్ట్‌కట్ లేదు, ఒక్కో మెట్టుకూ కారణం చెప్పాలి. ఇంటికొచ్చి ఆ రాత్రంతా దాని గురించే మాట్లాడింది. ఇండియాలో అన్నాళ్లు ఎంట్రెన్సు ట్రిక్కులు చెప్పీ చెప్పీ విసిగిపోయానని అంది. పెళ్లయ్యాక అంత సంతోషంగా తనని చూడటం అరుదు. ఆ తర్వాత ప్రమాణం సంగతి చెప్పింది. చేస్తానంది.

నేను జీతం అని రాశాను. నిజానికి నా బాధ జీతం గురించి కాదు.

హ్యూస్టన్_రవ్వదోశ:
అన్నా, ఇది ఫోరంలో అడగాల్సిన ప్రశ్న కాదు.

మిర్చియార్డ్:
ముందే చెప్పుంటే ఇంత రాసేవాణ్ని కాదు. అయితే మీ భయమేంటి? ఆవిడ మారిపోతుందనా, మీ పెద్దవాళ్లకు తెలిసిపోతుందనా?

కృష్ణాతీరం:
రెండోది. బహుశా మొదటిది కూడా.

పాతటీచరు:
తను మారట్లేదు. ఇన్నాళ్లూ మీకోసం తగ్గి ఉంది. జీతం పేరు చెప్పి ఆపితే ఆ సంగతి తనకు తెలియకుండా పోతుందా? మీ పెద్దవాళ్లతో మాట్లాడాల్సింది మీరు, తను కాదు. ఆ జీతం చాలదు అనే మాట మీద నేనిప్పటికీ ఉన్నాను. రెండూ కలపకండి. తను చేరాలి, బేరమాడి చేరాలి.

ఫిరంగిపురం_పిల్లోడు:
ఈ ఒక్కదాంట్లో పాతటీచరు గారితో ఏకీభవిస్తాను. విశ్వాసం ఉన్న టీచరు కదా, తక్కువకు వస్తుందిలే అని బోర్డు అనుకుంటే అది శ్రీసభ చెప్పే న్యాయం కూడా కాదు. 1891లోనే పోప్ 13వ లియో కార్మికుడికి తగిన కూలి ఇవ్వాలని లేఖ రాశారు. ఆ పేరు ఎత్తి అడగమనండి, వాళ్లు కాదనలేరు. వారానికి ఎన్ని పీరియడ్లు, లెక్కలు కాక ఇంకేం చెప్పాలి, మధ్యలో స్కూలు మూతబడితే జీతం ఏ నెల వరకు ఇస్తారు, ఇవన్నీ కాంట్రాక్టులో రాయించుకోవాలి. ఈఏడీ రెన్యువల్ ఆలస్యమైతే క్లాసులు ఎవరు తీసుకుంటారో కూడా ముందే మాట్లాడుకోవాలి. నలుగురిలో ఒకరు ఆగిపోతే స్కూలే ఆగిపోతుంది.

మిర్చియార్డ్:
పోప్ లేఖ చూపిస్తే జీతం పెరుగుతుందా? బోర్డు దగ్గర డబ్బుంటే కదా. ఫీజు ఎంత, పిల్లలు ఎంతమంది చేరారు, ఆ లెక్క ముందు కనుక్కోండి. గుణిస్తే నలుగురి జీతాలకు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. లెక్కల టీచరే కదా, ఆవిడే వేసుకుంటారు.

కృష్ణాతీరం:
ఇప్పటికి పదకొండు మంది చేరారట. ఈ రాత్రి తనతో కూర్చుని ఆ లెక్క వేస్తాను. మా నాన్నకు ఆదివారం ఫోన్ చేస్తాను.

మిర్చియార్డ్:
మంచిది. టైంపాస్ అన్న మాట కూడా తీసేస్తున్నాను, పాతటీచరు గారూ. కానీ పదకొండు మందికి లాటిన్ టీచరు ఒకడు వేరే ఎందుకు? ఆ జీతం మిగిలితే మేథ్స్ టీచరుకి ఇవ్వొచ్చు.

ఫిరంగిపురం_పిల్లోడు:
ఆ లాటిన్ చెప్పేది హెడ్‌మాస్టరే అయ్యుంటాడు అన్నా. చిన్న స్కూళ్లలో అంతే.