డిగ్రీ చదువుతూనే మైక్రోఫైనాన్స్ పనిలో చేరాలా, ఐబీపీఎస్ దాకా ఆగాలా?

కామర్స్ సార్, నల్గొండ:
ఒడిశాలోని బొలంగీర్ నుంచి ఇటుక బట్టీల పనికి వచ్చి, చౌటుప్పల్ దిక్కు ఉండిపోయిన కుటుంబం. అమ్మాయికి 19 ఏళ్లు. పదో తరగతి అక్కడ ఒడియా మీడియంలో, ఇంటర్ ఇక్కడ. ఇప్పుడు అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీకాం మొదటి సంవత్సరం, స్టడీ సెంటర్ ఎన్జీ కాలేజీ. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవడం నిదానం, రాస్తే ఒత్తులు తప్పుతాయి. బ్యాంకులోనే స్థిరపడాలని పట్టుదల. మహిళా గ్రూపులకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ పని ఉంది రమ్మంటున్నారు. ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చి పుచ్చుకునే బ్యాంక్ మిత్ర కేంద్రంలోనూ మనిషి కావాలంటున్నారు. ఇవేవీ వద్దు, డిగ్రీ చేసి ఐబీపీఎస్ (ప్రభుత్వ బ్యాంకులకు ఉమ్మడిగా పరీక్ష పెట్టే సంస్థ) క్లర్క్ పరీక్ష రాయమని మరికొందరి మాట. మీరేమంటారు?

పాలమూరోడు:
పనిల చేరాలె సార్. మూడేండ్లు ఊకె కూసొని చదువుమంటే ఆ ఇల్లు ఎట్ల నడుస్తది? మైక్రోఫైనాన్స్‌ల నెల జీతం, పెట్రోల్ పైసలు వస్తయి. కేవైసీ (గుర్తింపు కాగితాలు) చూసుడు, గ్రూపు కట్టుడు, వాయిదా లెక్క రాసుడు అన్నీ వస్తయి. రేపు ప్రైవేట్ బ్యాంకుల రూరల్ బ్రాంచీకి పోతే గా అనుభవమే అడుగుతరు. సర్కారు బ్యాంకొక్కటే బ్యాంకా?

క్యాష్ కౌంటర్:
అన్నా, ప్రైవేట్ బ్యాంకుల గురించి మీరన్నది నిజమే. కానీ ఆ పని గంటలు లెక్కేయండి. అప్పు గ్రూపుల సెంటర్ మీటింగులు పొద్దున ఆడవాళ్లు కూలికి పోకముందే పెట్టాలి, అంటే ఏడింటికల్లా ఊళ్లో ఉండాలి. మధ్యాహ్నం బ్రాంచిలో క్యాష్ అప్పజెప్పి ఎంట్రీలు చేయాలి. వాయిదా కట్టనివాళ్ల ఇంటికి సాయంత్రం మళ్లీ పోవాలి. నెలాఖరులో ఆదివారం కూడా మిగలదు. ఓపెన్ యూనివర్సిటీ క్లాసులు ఉండేదేమో ఆదివారమే. మొదట పోయేది ఆ క్లాసు, తర్వాత పోయేది పరీక్ష.

ఇక్కడే అసలు దెబ్బ. ఐబీపీఎస్ క్లర్క్‌కు 20 నుంచి 28 ఏళ్లు, ఏదైనా డిగ్రీ చాలు. కానీ నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీకి డిగ్రీ ఫలితం చేతిలో ఉండాలి, చివరి సంవత్సరంలో ఉన్నామంటే కుదరదు. ఒక్క పేపర్ మిగిలి ఫలితం ఆ తేదీ దాటి వచ్చిందంటే ఏడాది పోయినట్టే. ఎస్‌బీఐ జూనియర్ అసోసియేట్‌కు మాత్రం చివరి సంవత్సరం వాళ్లను షరతు మీద రానిస్తారు.

పైగా క్లర్క్ ఎంపికలో అనుభవానికి మార్కుల్లేవు, ఇంటర్వ్యూ లేదు. మొదటి దశ ప్రిలిమ్స్ 100 ప్రశ్నలు: ఇంగ్లిష్ 30, లెక్కలు 35, రీజనింగ్ 35. ఒక్కో భాగానికి 20 నిమిషాలే, తప్పుకు పావు మార్కు కోత. అది అర్హతకే, ఎంపిక రెండో దశ మెయిన్స్ మార్కుల మీద. ఈ పిల్లకు ఇంగ్లిష్ కొత్తది, అందులో వేగం రావాలంటే రోజూ గంటన్నరైనా కూర్చోవాలి. సాయంత్రం వాయిదా వసూలు చేసి వచ్చిన మనిషి కూర్చోలేదు.

ఇంకో మాట. ఉద్యోగంలో చేరేనాటికి సిబిల్ (అప్పులు సరిగా కట్టామో లేదో చెప్పే స్కోరు) చూస్తారు. ఇంట్లో అవసరానికి ఆ పిల్ల పేరు మీద గ్రూపు లోను తీయొద్దు, ఫోన్ యాప్ లోను అసలే వద్దు. వాయిదాలు ఎగ్గొట్టి ఉంటే పరీక్ష నెగ్గినా చేరే రోజున ఇరుక్కుంటుంది.

పాలమూరోడు:
గంటల మాట ఒప్పుకుంట. కానీ పూర్తిగ ఇంట్ల కూసోబెట్టుడు మాత్రం ఒప్పుకోను. గట్లయితే బ్యాంక్ మిత్రల పూట పని పెట్టుకోమనుర్రి.

మిత్ర కేంద్రం అక్క:
పూట పని అయితే మంచిదే, కానీ డబ్బు ఎవరిదో ముందే తేల్చుకోవాలి. ఆధార్ మీద విత్‌డ్రా చేస్తే ఆ మొత్తం మిత్ర కేంద్రం సెటిల్‌మెంట్ ఖాతాలో పడుతుంది, నోట్లు మాత్రం గల్లాపెట్టెలోంచి ఇవ్వాలి. డిపాజిట్ అయితే దీనికి తిరగేసి. పింఛన్ల రోజు పదకొండింటికే గల్లాలో నోట్లు అయిపోతాయి. సొంత డబ్బు కలపమని ఓనర్ అంటే ఒప్పుకోవద్దు. పొద్దున అప్పగించిన నోట్లు, సాయంత్రం తిరిగిచ్చిన నోట్లు పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి.

తరచూ గొడవయ్యేది వేలిముద్ర దగ్గర. బట్టీ పని, నాట్ల పని చేసే చేతులకు గీతలు అరిగి ఉంటాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, వేరే వేలు పెట్టించాలి. మిషన్ 'ఫెయిల్' అని చూపించి ఖాతాలో డబ్బు కోతపడిందంటే వెంటనే రెండోసారి వేలు పెట్టించొద్దు. ముందు మినీ స్టేట్‌మెంట్ తీసి చూడాలి, ఫెయిలైన స్లిప్పు కస్టమర్ చేతికివ్వాలి. ఆర్‌బీఐ 2019లో పెట్టిన నియమం ప్రకారం లావాదేవీ రోజు తర్వాత అయిదు రోజుల్లో సరిచేయాలి, దాటితే రోజుకు 100 రూపాయలు కస్టమర్‌కు ఇవ్వాలి. ఇది తెలియకే ఊళ్లో మిత్రలు తిట్లు తింటున్నారు.

ఐఐబీఎఫ్ (బ్యాంకింగ్ శిక్షణ, పరీక్షల సంస్థ) వాళ్ల బిజినెస్ కరస్పాండెంట్, అంటే బ్యాంక్ మిత్ర, పరీక్ష కూడా రాయమనండి. నూటికి 50 వస్తే పాస్. కేవైసీ, ఖాతాల రకాలు, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్నీ అందులో ఉంటాయి.

సరిహద్దు, నారాయణపేట:
ఏ రాష్ట్రానికి అప్లై చేయాలన్నది ఎవరూ ఎత్తలేదు. క్లర్క్‌కు ఒక్క రాష్ట్రానికే అవకాశం. ఆ రాష్ట్ర భాష చదవాలి, రాయాలి, మాట్లాడాలి. ఒడిశా పెడితే పరీక్ష ఒడియాలో రాసుకోవచ్చు, భాష పరీక్ష భయం లేదు. ఇక్కడ పెట్టి ఒత్తుల దగ్గర పోగొట్టుకోవడమెందుకు?

క్యాష్ కౌంటర్:
ఒడిశా పెడితే పోస్టింగ్ ఒడిశాలోనే. క్లర్కులకు రాష్ట్రం దాటి బదిలీ అంత తేలిక కాదు. అమ్మానాన్న ఇక్కడ, పిల్ల అక్కడ. డిగ్రీ అయ్యేలోపు తెలుగు రాత రాకపోవడం ఏముంది? రోజూ దినపత్రికలో ఒక వార్త బయటికి చదవాలి, ఒక అర్జీ రాయాలి: పాస్‌బుక్ పోయింది, ఫోన్ నంబర్ మార్చండి, ఖాతా మరో బ్రాంచికి పంపండి. మిత్ర కేంద్రంలో రోజూ వచ్చేవి అవే, కౌంటర్లో పనికొచ్చేవీ అవే. గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంట్‌కు 18 ఏళ్ల నుంచే అవకాశం, అక్కడా డిగ్రీ, స్థానిక భాష కావాలి. 2025 జనవరి 1 నుంచి నల్గొండ, పాలమూరు గ్రామీణ బ్రాంచీలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకులోనే ఉన్నాయి. అదీ వదలొద్దు.

సరిహద్దు, నారాయణపేట:
భాష నేర్చుకుంటుందని మీరు నమ్ముతున్నారు, నేను చివరి సంవత్సరంలో ఆమె రాత చూసి తేలుస్తానంటాను. రాష్ట్రం ఎంచుకోవాల్సింది అప్లికేషన్ రోజున కదా, ఇప్పుడే తలుపు మూయడమెందుకు?

కాగితాలకు మాత్రం ఆగొద్దు. బ్యాంకు పరీక్షకు, ఎస్సీ లేదా ఎస్టీ అయితే సర్టిఫికెట్ ఒడిశా నుంచే, కేంద్ర ప్రభుత్వ నమూనాలో తీసుకోవాలి. 2018లో సుప్రీంకోర్టు బీర్ సింగ్ కేసులో చెప్పాక, ఒక రాష్ట్రం కుల హోదాతో మరో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ అడగడం కుదరదు. అందుకే ఇక్కడి రాష్ట్ర ఉద్యోగాలు, బ్యాంకు ఉద్యోగాలు ఒకే గాటన కట్టి చూడకండి.

కామర్స్ సార్, నల్గొండ:
ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పది మెమోలో ఒకలా ఉంది.

మిత్ర కేంద్రం అక్క:
మెమోలో ఉన్నట్టే ఆధార్ మార్పించండి సార్. పేరు మార్పు జీవితంలో రెండుసార్లే, కాబట్టి అక్షరం అక్షరం సరిచూసి ఇవ్వండి. ఆ తర్వాతే పాన్, బ్యాంకు ఖాతా. కంప్యూటర్ సర్టిఫికెట్ కూడా ఇప్పుడే చేయించండి, చదువులో కంప్యూటర్ సబ్జెక్టు లేనివాళ్లను అది అడుగుతారు. ఇంకోటి, అప్లికేషన్‌లో డిక్లరేషన్ ఇంగ్లిష్‌లో సొంత చేత్తో రాసి అప్‌లోడ్ చేయాలి. అన్నీ పెద్దక్షరాల్లో రాస్తే తిరస్కరిస్తారు. నెట్ సెంటర్ అబ్బాయితో రాయించొద్దు.