కనుమ డిన్నర్ శనివారం: మాంసం ఇంకా రాయిలాగే ఉంది, ఏం చేద్దాం?

ఉదయం 9:50 – వంటల ఇన్‌చార్జి
అందరికీ నమస్కారం. ముందు మంచి వార్త: మినప్పిండి రుబ్బడం అయిపోయింది, గారెలకి ఢోకా లేదు. ఇక రెండోది. మేక మాంసం రెండు పెట్టెలు (60 పౌండ్లు), చికెన్ ఒక పెట్టె (40 పౌండ్లు) ఇప్పుడే తెరిచి చూశాను. సుత్తితో కొట్టినా ముక్క ఊడేలా లేదు. సాయంత్రం ఏడింటికి 150 మంది వస్తున్నారు. స్కూల్ కిచెన్ మూడింటికి గానీ తెరవరు. ఎవరి తప్పు అన్నది రేపు మాట్లాడుకుందాం, ఇప్పుడు ఐడియాలు కావాలి.

9:54 – సామాన్లు
తప్పు నాదే అక్కా. ఫ్రిజ్‌లో చోటు లేక గురువారం రాత్రి గరాజ్‌లో పెట్టాను. రెండు రోజుల్లో అదే కరుగుతుందనుకున్నా.

9:55 – హాల్, పార్కింగ్
తమ్ముడూ, జనవరిలో కొలంబస్‌లో గరాజ్ అంటే ఇంకో ఫ్రీజరే. రాత్రి బయట 14 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 10 సెల్సియస్. దానికంటే నీ ఫ్రిజ్ లోపలే వెచ్చగా ఉండేది.

9:58 – సామాన్లు
వేడినీళ్లలో వేసేయనా? మా బాత్‌టబ్ పెద్దదే.

10:06 – వంటల ఇన్‌చార్జి
బాత్‌టబ్ మాట ఇంకెక్కడా అనకు నాన్నా, టికెట్లు కొన్నవాళ్లు వింటారు. వేడినీళ్లు అసలు వద్దు. పైభాగం గోరువెచ్చగా అయ్యి లోపల గడ్డ అలాగే ఉంటుంది. 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్యే బ్యాక్టీరియా జోరుగా పెరిగేది. కౌంటర్ మీద వదిలేసినా అంతే. పిల్లలూ పెద్దవాళ్లూ తినే భోజనం ఇది.

చన్నీళ్ల పద్ధతి ఒక్కటే దారి. నీళ్లు లోపలికి పోకుండా గట్టిగా కట్టిన సంచిని చల్లటి నీళ్లలో ముంచి, ప్రతి అరగంటకీ నీళ్లు మార్చాలి. లెక్క సుమారు పౌండుకి అరగంట. మన చికెన్ 10 పౌండ్ల సంచులు నాలుగు, అంటే ఒక్కోదానికి ఐదు గంటలు. నాలుగు ఇళ్లకి పంచి ఇప్పుడే మొదలుపెడితే మూడున్నరకి తయారు. మేక మాంసం మాత్రం ఒక్కో పెట్టె 30 పౌండ్ల దిమ్మ. దాని మీద ఆశ వదులుకుందాం.

10:12 – ట్రెజరర్
కాస్ట్‌కోలో రోటిసరీ చికెన్, అంటే కాల్చి అమ్మే కోడి, ఒక్కోటి 4.99 డాలర్లు. 25 కొంటే 125 డాలర్ల లోపే. చీల్చి పులుసులో వేసేస్తే?

10:15 – శాకాహారం టేబుల్
నేను ముట్టను గానీ, మా అబ్బాయి ఒకసారి అలా చేశాడు. ఒకసారి ఉడికిన కోడిని మళ్లీ పులుసులో మరగబెడితే పీచు పీచు అయిపోయింది.

10:17 – హాల్, పార్కింగ్
ఫ్రోజెన్ రొయ్యలు? చన్నీళ్లలో 20 నిమిషాల్లో విడిపోతాయి.

10:18 – రిజిస్ట్రేషన్
రొయ్యల అలర్జీ ఉందని నలుగురు రాశారు. ఒకే కిచెన్, అవే గరిటెలు. నాకు భయం.

10:21 – గారెల టీమ్ (పిన్ని)
అమ్మాయ్, ఎందుకంత కంగారు? కనుమ నాడు మినుము అన్నారు, అది మన దగ్గర ఉంది. గారెకి కావలసింది ముంచుకోవడానికి పుల్లటి, కారం కారం పులుసు. అందులో కోడి ఉంటే సంతోషం, లేకపోతే కోడిగుడ్డు. మా ఊళ్లో కోడి కుదరని ఏడాది గుడ్ల పులుసుతోనే గారెలు తిన్నాం, ఎవరూ ముఖం ముడుచుకోలేదు.

10:24 – వంటల ఇన్‌చార్జి
పిన్నీ, మీకు దండం. ఇదే ఖాయం. మటన్ బిర్యానీ తీసేసి బగారా అన్నం పెడదాం, బియ్యం, మసాలాలు ఎలాగూ కొన్నాం. దాని పక్కన చికెన్ కూర, గుడ్ల పులుసు. గుత్తి వంకాయ, పులిహోర మామూలే.

గుడ్లు మనిషికి రెండు చొప్పున 300. ఐదు డజన్ల అట్టలు ఐదు తెస్తే సరిగ్గా సరిపోతాయి. ఐదు ఇళ్లకి అరవై చొప్పున. ఉడకగానే ఐసు నీళ్లలో వేస్తే పెంకు సులువుగా వస్తుంది. ఒలిచినవి రెండు గంటలకి మించి బయట ఉంచకండి, ఫ్రిజ్‌లో పెట్టండి. గరాజ్‌లో వద్దు, గడ్డకడతాయి. గాట్లు పెట్టి, పసుపు, కారం వేసి నూనెలో వేయించడం స్కూల్లో చేద్దాం, లేకపోతే పులుసు లోపలికి పట్టదు. ఉల్లిపాయలు 20 పౌండ్లు, టమాటాలు 10, చింతపండు ఒక కిలో. చింతపండు ఇప్పుడే నానబెట్టండి. బెల్లం చివర్లో, చిన్న ముక్కే. గోదావరి వాళ్ల చేతికి బెల్లం డబ్బా ఇవ్వొద్దు.

10:26 – హాల్, పార్కింగ్
ఆ మాట నాకేనా?

10:31 – ట్రెజరర్
టికెట్ పేజీలో మటన్ బిర్యానీ అని రాశాం కదా. కొందరు దాని కోసమే కొన్నారు.

10:35 – వంటల ఇన్‌చార్జి
అందుకే ఇప్పుడే చెప్పేద్దాం. ప్లేటు పట్టుకున్నాక తెలిస్తే కోపం, పొద్దున తెలిస్తే జోకు. మాంసం కరగలేదు, మెనూ మారింది, డబ్బు వెనక్కి కావాలంటే ఇస్తాం అని రాయండి.

మధ్యాహ్నం 12:50 – సామాన్లు
మా ఇంటి సంచి చివర్లు వదులయ్యాయి. కూలర్‌లో పెట్టి ఐదుసార్లు నీళ్లు మార్చాను. ముక్కలు విడదీసి వేరే సంచుల్లో కడితే త్వరగా అవుతుందా?

12:53 – వంటల ఇన్‌చార్జి
అవుతుంది, చేసేయ్. మధ్యలో కాస్త గడ్డ మిగిలినా ఫర్వాలేదు, గడ్డ ముక్కని నేరుగా వండొచ్చు, టైమ్ మాత్రం సగం ఎక్కువ పడుతుంది. చన్నీళ్లలో కరిగింది వెంటనే పొయ్యెక్కాలి, మళ్లీ ఫ్రిజ్ అనొద్దు. థర్మామీటర్ తెస్తున్నాను, లావు ముక్కలో 165 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించాకే దించుదాం.

3:40 – రిజిస్ట్రేషన్
మెయిల్ వెళ్లింది. డబ్బు వెనక్కి అడిగింది ఇద్దరే. తొమ్మిది మంది మాత్రం గారెలు ఎన్ని అని అడిగారు.

5:55 – గారెల టీమ్ (పిన్ని)
పులుసు మరిగింది. ఉప్పు సరిపోయింది. కారం పిల్లలకి ఎక్కువే, పెరుగు ట్రే పక్కనే పెట్టండి.

రాత్రి 10:10 – వంటల ఇన్‌చార్జి
ట్రేలన్నీ ఖాళీ, పులుసు అడుగంటిన గిన్నె తప్ప. రేపు చేయాల్సింది ఒకటే. మేక పెట్టెలు ఇంకా గట్టిగానే ఉన్నాయి, రెండూ మా డీప్ ఫ్రీజర్‌లోకి తీసుకురా తమ్ముడూ. ఉగాదికి ఎలాగూ మాంసం ఉండదు, ఎండాకాలం పిక్నిక్‌కి వాడదాం. ఫ్రిజ్‌లో ప్రతి ఐదు పౌండ్లకి ఒక రోజు లెక్క, అంటే 30 పౌండ్ల దిమ్మకి ఆరు రోజులు. అందుకని పిక్నిక్ శనివారమైతే ముందు ఆదివారమే ఫ్రిజ్‌లోకి దించాలి. ఏ ఇంట్లో చోటుందో అప్పుడు ముందే రాయండి.

10:14 – సామాన్లు
మా ఫ్రిజ్‌లో ఇప్పుడు చోటుంది అక్కా. పులిహోర మాత్రం రెండు డబ్బాలు ఉంది.