జపాన్ వాళ్ల ‘అమకుదారి’ అంటే ఏమిటి?

తిరుపతి_కుర్రోడు:
శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో పని చేస్తున్నా. మొన్న క్యాంటీన్‌లో సాంబారన్నం తింటూ మా జపాన్ మేనేజర్ ఎవరి గురించో ‘అమకుదారి’ అని నవ్వి ఊరుకున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు_పెద్దాయన:
పైలోకం నుంచి దిగి రావడం అని అర్థం బాబూ. ప్రభుత్వ శాఖల పెద్ద అధికారులు పదవి వదిలాక కంపెనీల్లో చేరడాన్ని అలా అంటారు. మన కొండ దిగేవాళ్లు లడ్డూలు తెస్తారు, వీళ్లు శాఖలో పరిచయాలు తెస్తారు! అక్కడ ఒకే ఏడాది సర్వీసులో చేరినవాళ్లలో ఒకరు శాఖకు టాప్ ఆఫీసర్ అయితే మిగతావాళ్లు తప్పుకోవడం ఆనవాయితీ. యాభై దాటాక ఇంట్లో ఊరికే కూర్చుంటారా? నిన్నటిదాకా తాము అజమాయిషీ చేసిన కంపెనీలోనే కుర్చీ దొరుకుతుంది. కంపెనీల విరాళాలు పాలక పార్టీకి వెళ్తాయి. 1955లో పుట్టిన లిబరల్ డెమోక్రటిక్ పార్టీ కొన్నేళ్లు తప్ప అధికారంలోనే ఉండటంతో అధికారులు, కంపెనీలు, పార్టీ అనే ఈ ముగ్గురి ముడి బాగా బిగిసింది.

తిరుచానూరు_చెల్లి:
2007లో చట్టం మార్చారు కదా సార్? శాఖలు తమవాళ్లకు ఉద్యోగాలు చూడకూడదని.

చిత్తూరు_పెద్దాయన:
మార్చారమ్మా. అయినా 2017లో విద్యాశాఖే దొరికిపోయింది. తమ అధికారికి వసేదా యూనివర్సిటీలో ఉద్యోగం చూసిపెట్టిన వ్యవహారం బయటపడి, టాప్ ఆఫీసర్ రాజీనామా చేశాడు. నేనూ రెవెన్యూలో ముప్పై ఏళ్లు చేశా, నన్ను మాత్రం ఏ కంపెనీ పిలవలేదు లే.

తిరుపతి_కుర్రోడు:
థాంక్స్ సార్. మా ఆఫీసులో కొత్తగా వచ్చిన ‘సలహాదారు’ గురించే అన్నాడేమో! అడగాలంటే టెన్షన్‌గా ఉంది.